ఫీడరు కోసం వచ్చిన ఆంటీ

పోయిన మంగళవారం పొద్దున ఆంటీ పోయారు. పక్క పొలం రైతు ఫోన్ చేసి చెప్పాడు. దూడ అడ్డం తిరిగిందని పిలిస్తే సాయానికి వెళ్లారట. నొప్పులతో బెదిరిన ఆవు ఆమెను ఇనుప గేటుకేసి అదిమేసింది. పక్కటెముకలు విరిగి లోపల రక్తం పోయింది. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆవును ఏమీ చేయొద్దని, దాని తప్పేమీ లేదని అన్నారట చివరగా. దూడ బతికిందని చెప్పి అతను ఏడ్చాడు.

ఆమె నాకు చుట్టం కాదు. గుంటూరు వైపు నుంచి కెనడా వచ్చి, ఎడ్మంటన్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా చేసి, రిటైరయ్యాక ఊరికి గంట దూరంలో గొర్రెలు పెంచుకున్నారు. నేను మెషిన్ షాపులో లేతు మీద పని చేస్తాను. నాలుగేళ్ల క్రితం టిఫిన్ డబ్బాలో ఖాళీ తూటా తొడుగులు, సీసపు గుండ్లు వేసుకుని మా షాపుకొచ్చారు. నా బ్యాడ్జి మీద పేరు చదివి, "తెలుగమ్మాయివేగా? హమ్మయ్య, నా బాధ సులువుగా చెప్పుకోవచ్చు" అన్నారు.

బాధ వేళ్లది. కీళ్లవాతం. తన రైఫిలుకు తూటాలు తానే తయారు చేసుకునేవారు. అందుకు బల్లకు బిగించిన చిన్న ప్రెస్సు ఉంది; దాని పిడి ఒకసారి లాగితే తొడుగులు నిలబెట్టిన పళ్లెం ఒక మెట్టు తిరుగుతుంది. ఒక తొడుగులో తుపాకి మందు పడుతుంది, దాని ముందున్న తొడుగులో గుండు దిగి బిగుస్తుంది. ఆ గుండును మాత్రం ప్రతిసారీ వేళ్లతో తొడుగు మూతి మీద నిలబెట్టాలి. వంకరపోయిన వేళ్లతో అది కావడం లేదు. గుండ్లను ఒక్కొక్కటిగా అందించే ఫీడరు కావాలన్నారు.

మోటారుది కొనమన్నాను. తొట్టిలో గుప్పెడు పోస్తే చక్రం తిరుగుతూ గుండ్లను సరిచేసి వదులుతుంది. ఒకటి తెచ్చి బిగించి చూశాం. ఆంటీ వాడే గుండ్లు మొద్దుమొనవి, పైనా కిందా దాదాపు ఒకేలా ఉంటాయి. తల ఏదో కాలు ఏదో ఆ చక్రానికి తెలియలేదు. కొన్ని తలకిందులుగా దిగాయి. దాన్ని వాపసు చేసి నిలువు గొట్టం ఖాయం చేశాం. తీరిగ్గా కూర్చుని, ప్రతి గుండూ చూసుకుంటూ గొట్టం నింపుకోవచ్చు. గొట్టం అడుగున ఒక్కో గుండునే వదిలే ముక్కను నేను లేతు మీద తీసిచ్చాను.

"నేను చూడని గుండు నా తుపాకీలోకి పోకూడదమ్మాయ్," అన్నారు. "చంపాల్సొస్తే ఒక్క దెబ్బకే పోవాలి. రెండో దెబ్బ పడిందంటే అది మన తప్పే."

ఆ మాట ఆమెకు నోటి మాట కాదు. ఆదివారాలు ఆమె ఇంటికి వెళ్లడం నాకు అలవాటైన కొత్తలో ఒకసారి హైవే మీద ట్రక్కు గుద్దిన దుప్పి నడుము నుజ్జయి, ముందుకాళ్లతో తారు గీకుతూ అరుస్తుంటే ఆంటీనే పిలిచారు. వెంట వెళ్లిన నేను తల తిప్పుకున్నాను. "చూడు. దానికి తప్పించుకునే వీల్లేనప్పుడు నీకెందుకు?" అన్నారు. ఒక్కటే కాల్చారు.

నేను తీసిన ముక్కలో కంత కాస్త వదులైంది. అప్పుడప్పుడు గుండు వాలి ఇరుక్కునేది. ఇరుక్కుంటే పళ్లెం మీదవన్నీ తీసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలని ఆంటీ నియమం. ఒక ఆదివారం నన్ను ప్రెస్సు దగ్గర కూర్చోబెట్టి ఆమె టీ పెట్టడానికి లేచినప్పుడు ఇరుక్కుంది. నేను గుండు సరిచేసి, పళ్లేన్ని చేత్తోనే తిప్పేసి పిడి లాగుతూ పోయాను. ఒక తొడుగు మందు పడకుండానే ముందుకు జరిగిపోయింది. నాకు తెలియలేదు.

పదిహేను రోజులకు, మంచు కరుగుతున్న ఇంకో ఆదివారం పొద్దున, ఎవరో వదిలేసిన రెండు పెద్ద కుక్కలు కంచె కింద తవ్వుకుని గొర్రెల మీద పడ్డాయి. మేం పరుగెత్తేసరికి మూడు గొర్రెలు పేగులు బయటపడి కొట్టుకుంటున్నాయి. నాలుగోదాని గొంతు ఒక కుక్క నోట్లో ఉంది. ఆంటీ మొదటి గుండుకు రెండో కుక్క కూలింది. మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే, తూటా అడుగున నిప్పు రేపే టోపీ ఒక్కటే పేలినట్టు టప్‌మని చిన్న చప్పుడు, అంతే.

"కాల్చండాంటీ, కాల్చండి," అని అరిచాను.

"గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు కాలిస్తే పేలేది మన మొహాలే."

రైఫిలును మంచులో పడుకోబెట్టి, గడ్డి ఎత్తే ఇనుప ఫోర్కు అందుకుని నడిచారు. కుక్క గొర్రెను వదిలి ఆమె మీదికి దూకి ఎడమ ముంజేతిని పట్టుకుంది. పళ్లు ఎముక దాకా దిగాయి. ఆమె చెయ్యి లాక్కోలేదు. దాని నోట్లోకే ఇంకా తోసి, కింద పడేసి, మోకాలితో తొక్కిపట్టి, కుడిచేత్తో ఫోర్కును మెడలో దించారు. ఒక పోటుకు చావలేదు. మూడు పొడిచారు. అది ఆమెనే చూస్తూ పోయింది. తర్వాత కత్తి తీసి ఆ మూడు గొర్రెల బాధ తీర్చారు. అంతసేపూ నేను కంచె పట్టుకుని నిలబడే ఉన్నాను. అప్పుడు పిలిచి, "ఇక రా, చెయ్యి కట్టు" అన్నారు.

కారులో చెప్పాను. "ఆంటీ, ఆ తూటా నేను చేసిందే. ఇరుక్కుంటే తీసెయ్యకుండా..."

"తెలుసు. రోడ్డు చూసి నడుపు. తిట్లు కుట్లయ్యాక."

తిట్టారు కూడా, ఇంటికొచ్చాక గంటసేపు. మర్నాడు, గుండు ఇరుక్కున్న ఆదివారం చేసిన తూటాలన్నీ ఊడదీయించారు. మందు లేనిది ఇంకొకటి దొరికింది. అంటే ఆ రోజు పళ్లేన్ని రెండు మెట్లు తిప్పేశానన్నమాట. కంత బిగువుగా కొత్త ముక్క చేసిచ్చి, ఇక ప్రెస్సు ముట్టుకోనన్నాను. "భయపడి మానేస్తే ఆ కుక్క మూడు పోట్లు తిన్నది దేనికి?" అని స్టూలు జరిపి కూర్చోబెట్టారు. తర్వాత మూడేళ్లు, ఎన్ని ఆదివారాలో, ఆమె పక్కనే కూర్చుని పనిచేశాను.

మంగళవారం ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ రోజు ఆసుపత్రి గది. నర్సు తడిగుడ్డ తెచ్చి, ఈ రక్తమంతా మీదేనా అని కంగారుపడింది. ఆంటీ రెండు చేతులూ లైటు కింద చాచి, ఎవరిదో రిపోర్టు చదువుతున్నట్టు నింపాదిగా చూపించారు. మోచేతి పైన ఉన్నది గొర్రెలది. వేళ్ల మధ్య ఎండింది కుక్కది. ఈ కారుతున్నదొక్కటే నాది, అన్నారు. నర్సు గుడ్డ పట్టుకుని, ఏది ముందు తుడవాలో తెలియక, ఆ చేతుల ముందు అలాగే నిలబడిపోయింది.