కిరీటాల కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

అలిగిన రాజులను ఇద్దరిని వెంటేసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాల్సిన ఖర్మ పగవాళ్లకు కూడా వద్దు. మన్సూరాబాద్‌లో మా కాలనీ వార్షికోత్సవానికి నేనొక నాటకం రాశాను. అందులో శివభక్తుడైన రాజు, విష్ణుభక్తుడైన రాజు కోటలోని గుడి ఎవరి దేవుడిదని యుద్ధానికి దిగుతారు. మొదటి వేషం మా తమ్ముడిది, రెండోది మా ఆయనది. మా పుట్టింటి దేవుడు చెర్వుగట్టు శివుడు, అత్తింటి దేవుడు యాదగిరిగుట్ట నరసింహస్వామి. రోజూ ఇద్దరికీ దీపం పెట్టే నాకు లేని పేచీ వీళ్లకొచ్చింది. చివర్లో ఎవరు గెలవాలని రిహార్సల్లో మాటా మాటా పెరిగి, తమ్ముడు ఆయన్ని ‘బావా’ అనడమే మానేశాడు. “సారుకు చెప్పక్కా” అంటాడు. పెళ్లైన నాటి నుంచి వింటున్న ఆ పిలుపు ఆగిపోయేసరికి నాకు ఇంట్లో ఊపిరాడలేదు.

నాటకం రోజు పొద్దున షేర్ ఆటోలో ఎల్బీ నగర్ వచ్చి మెట్రో ఎక్కాం. దిల్‌సుఖ్‌నగర్ అక్కడికి మూడో స్టేషనే. ఆ కాసేపటికీ ఇద్దరూ బోగీకి చెరో చివర నిలబడ్డారు. కోచింగ్ సెంటర్ల సందులో మేడ మీద వేషాలు కిరాయికిచ్చే కొట్టుంది. కిరీటం, కర్ర కత్తి కలిపి సెట్టుకు రోజుకు ఆరు వందలు. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తు కిరీటం మీద పడ్డాయి.

“గసుంటిది ఒక్కటే ఉన్నదమ్మా. ఎవరు పెద్ద రాజో జర మీరే చెప్పుండ్రి” అన్నాడు కొట్టాయన.

“ఇద్దరికీ పొట్టివే ఇవ్వన్నా” అన్నాను.

“అవి జర లూజుంటయి. ఎన్క దారమున్నది. ఎవరిది వాళ్లు కట్టుకోలేరు, ఇంకొకలు కట్టాలె.”

తిరుగు ప్రయాణంలో, కర్ర కత్తులైనా సరే లోపలికి వద్దన్నాడు మెట్రో గార్డు. నూట యాభైకి ఆటో మాట్లాడాను. డ్రైవర్ అద్దంలో చూసి, “ఏందక్కా, రాజులు మాట్లాడుకుంటలేరు?” అన్నాడు.

“దేవుళ్ల పంచాయితీ అన్నా.”

“మరి గీ సంగతి దేవుళ్లకు ఎరుకేనా?”

నేనొక్కదాన్నే నవ్వాను.

సాయంత్రం యుద్ధం రంజుగా సాగుతోంది. వెనక్కి అడుగేస్తున్న మా ఆయన కిరీటం జారి కళ్ల మీద పడింది. ఇంకొక్క అడుగు వేస్తే స్టేజీ మీంచి కింద పడతాడు. తమ్ముడు కత్తి పారేసి ఆయన నడుము పట్టుకున్నాడు.

“బావా, పైలం! ఎన్కకు పోకు!”

మైకులో కాలనీ అంతా విన్నది. మా ఆయన కిరీటం పైకి తోసుకుని, “సరే గానీ, జర దారం కట్టురా బామ్మర్దీ” అన్నాడు. జనం ఈలలు వేశారు. నా నాటకం మంటగలిసింది, ఏ రాజు గెలిచాడో ఎవరికీ తెలియలేదు. తెర పక్కన నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

గుడి ఎవరిదన్న గొడవను అన్ని పేజీల్లో నేను తేల్చలేకపోయాను, ఒక్క పిలుపు తేల్చేసింది. మీరూ కిరీటాలకు వెళ్తే, కొట్లోనే ఒకరి దారం ఇంకొకరి చేత కట్టించి మరీ బయల్దేరండి. మర్నాడు వేషాలు తిరిగివ్వడానికి బావాబామ్మర్దులు ఒకే బండి మీద, నాతో మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్లిపోయారు. కత్తులు మాత్రం ఇంట్లోనే మర్చిపోయారు. వాటి కోసం మళ్లీ ఆటో మాట్లాడుకోవాల్సింది నేనే.