చందమామ ప్రదర్శనకు చెప్పులు విడిచి వెళ్ళిన రోజు

మనుషులు చందమామ మీద కాలు పెట్టారన్న వార్త రేడియోలో వచ్చిన రోజున మా పెద్దబిడ్డ సరోజ జ్వరంతో మంచం మీద ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పక్కింటి రేడియో గోడ అవతల మోగుతుంటే విని, “అమ్మా, గాడ ఆకలైతే ఏం తింటరే?” అని అడిగింది. నా చేతిలో మందు గ్లాసు ఉంది. “ముందుగాల నోర్మూసుకొని ఇది తాగు” అన్నాను. వారం తిరగకుండానే పిల్ల పోయింది. ఆ తర్వాత ఎన్ని మాటలు మరిచిపోయినా ఆ ఒక్కటి మాత్రం అన్నం వండుతున్నప్పుడల్లా గుర్తొచ్చేది. డిసెంబరులో మా ఆయన దుకాణం నుంచి ఒక కబురు తెచ్చారు. యూనివర్సిటీలో రాకెట్ల ప్రదర్శన పెట్టారట, చందమామ బొమ్మ కూడా ఉందట, ఎవరేమడిగినా చెప్పడానికి చదువుకున్న సార్లు నిలబడతారట. ఆ చివరి మాట వినగానే పోదామన్నాను. పిల్ల అడిగినదానికి జవాబు కనుక్కోవాలి. నా పని అదొక్కటే.

మా అత్తమ్మ అడ్డం పడింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా గుడి మెట్టు ఎక్కకూడదని మా పద్ధతి. “చంద్రుడు నవగ్రహాలల్ల లేడా? గది దర్శనం కాకుంటే ఏంది?” అంది. “అవ్వా, అవి రేకులు, తీగలు. గుడి కాదే” అని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. “నేను గూడ వస్త. గుడి లెక్క కనిపించిందనుకో, దర్వాజ కాడ్నే ఆపుత.”

క్రిస్మస్ సెలవుల్లో ఒక పొద్దున నలుగురం బయలుదేరాం. నేను, ఆయన, అత్తమ్మ, ఆరేళ్ళ చిన్నబిడ్డ పద్మ. అంబర్‌పేట నుంచి కాచిగూడ స్టేషను దాకా నడిస్తే అరగంట పట్టింది. తొమ్మిదిన్నర పాసింజరెక్కి సీతాఫల్‌మండిలో దిగాం. తార్నాక మీదుగా బస్సులో కూడా పోవచ్చు గానీ, రైలైతే అత్తమ్మకు కాళ్ళు చాపుకునే జాగా దొరుకుతుంది. స్టేషను బయట రిక్షా అతను ముప్పావలా అడిగాడు. మా ఆయన అర్ధరూపాయి అన్నారు.

“యూనివర్సిటీల ఏం పని అమ్మా? అడ్మిషనా?” అని అత్తమ్మనే అడిగాడతను.

“చందమామను చూడనీకి పోతున్నం” అంది అత్తమ్మ గంభీరంగా.

“అరే! రాత్రి మిద్దెక్కితే ముఫత్‌ల కనిపిస్తడు గద! దానికి నాకు పైసలిచ్చుడెందుకు?”

“నీ రిక్షా నడుపు బిడ్డా. మిద్దె ఉన్నోళ్ళమైతే నీ రిక్షా ఎందుకెక్కుతం?”

అతను నవ్వి అర్ధరూపాయికే ఒప్పుకున్నాడు. రిక్షాలో మేం ముగ్గురం పట్టాం, మా ఆయన వెనక నడిచారు. దారంతా చెట్లు, రాళ్ళు, ఎండలో పుస్తకాలు పట్టుకుని తిరిగే పిల్లలు. పదకొండుకు చేరి, చెట్టు కింద జొన్నరొట్టె, ఎల్లిపాయకారం తిని, పన్నెండింటికి వరుసలో నిలబడ్డాం.

తప్పు ఆ వరుసలోనే జరిగింది. తలుపు దగ్గర తాడు కట్టి ఉంది. ఒక అటెండరు చెయ్యి ఊపుతూ, “లైన్ల రాండ్రి! తోసుకోకుండ్రి! చూసి ముందుకు జరగాలె!” అని అరుస్తున్నాడు. లోపల చీకటి. నడుమ దీపం వెలుగులో మనిషెత్తున తెల్లగా, గుండ్రంగా చందమామ. ఆపుతానని వచ్చిన అత్తమ్మ ఆపడం మాట మరిచి చెప్పులు విడిచింది. ఆమెను చూసి నేనూ విడిచాను, ఆయనా విడిచారు. మా వెనక ఒక పెళ్ళైన జంట, వాళ్ళ వెనక కాలేజీ పిల్లలు. బూట్ల లేసులు విప్పుతూ ఒకడు కింద కూర్చున్నాడు. పావుగంటలో గుమ్మం ముందు చెప్పుల గుట్ట లేచింది. అటెండరు తన చెప్పులు కూడా విడిచి, గుట్టకు కాపలా నిలబడ్డాడు.

లోపలి నుంచి కళ్ళద్దాల సారు ఒకాయన వచ్చారు. మాట కోస్తా వైపుది. “ఎవరండీ చెప్పులు విప్పమన్నది?” అని అడిగారు.

“పైనుంచి ఆర్డరొచ్చిందనుకున్న సార్” అన్నాడు అటెండరు.

ఆ హాలు మొత్తంలో బూట్లున్నది ఆ సారు కాళ్ళకే. ఆయన ఒకసారి కిందికి చూసుకున్నారు. అత్తమ్మ అప్పటికి తేరుకుంది. “అయ్యో, దర్శనమైపాయె! ఏడాది నిండలేదు గదరా!” అని నెత్తి కొట్టుకుంది.

“ఇది గుడి కాదమ్మా. లోపల వెదురుబద్దలు, పైన సున్నం. అసలు చందమామ కూడా ఉత్త రాయే. మనుషులు వెళ్ళి నడిచొచ్చారు కదా” అన్నారాయన ఓపికగా.

“నడిచిండ్రు, బూట్లేసుకొని! వాళ్ళనేమనలే. మేం చెప్పులిడిస్తె నీకేం నొప్పి బిడ్డా?”

హాలంతా ఒకటే నవ్వు. ఆ సారు కూడా నవ్వారు. ఆ నవ్వులో పద్మ గొంతు వినిపించింది. వానాకాలం తర్వాత ఆ గొంతులో నవ్వు వినడం అదే మొదలు.

రాకెట్టు బొమ్మలు చూశాం, అద్దాల పెట్టెలో రాకెట్టులో పోయేవాళ్ళు పెట్టుకునే పెద్ద టోపీ చూశాం. నేను అడగాల్సినది గొంతులోనే ఉంది. నా ముందు ఒకాయన రాకెట్టు బరువెంతని అడిగాడు, ఇంకొకాయన వేగమెంతని. వాళ్ళ మధ్యలో నా మాట చిన్నబోయినట్లు అనిపించింది. సారు అవతలికి తిరుగుతుంటే ఇక ఆగలేక, “సార్, గాడ ఆకలైతే ఏం తింటరు?” అన్నాను.

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. సారు నవ్వలేదు. అన్నం, మాంసం అన్నీ ఎండబెట్టి సంచీల్లో కట్టుకుపోతారని, నీళ్ళు పోసి పిసికి తింటారని చెప్పారు. దారిలో బరువనేది తెలియదు కాబట్టి రొట్టె తుంచితే ముక్కలు గాల్లో తేలుతాయట.

“ఎల్లిపాయకారమో?” అంది అత్తమ్మ.

“కళ్ళల్లో పడుతుందమ్మా.”

“ఇగ పోయేదెందుకు?”

సారు నా వైపు తిరిగి, “వారం రోజులుగా నిలబడ్డానమ్మా, ఈ మాట ఎవరూ అడగలేదు” అన్నారు.

“నేను కాదు సార్. మా పెద్దబిడ్డ అడిగింది.”

“ఏ క్లాసు?”

“నాలుగు.”

“తెలివైన పిల్ల. ఆదివారం దాకా ఉంటుందిది, తీసుకురండి. నేనే అన్నీ చూపిస్తాను.”

“అట్లనే సార్” అన్నాను. మా ఆయన గోడ వైపు చూస్తున్నారు. ఎవరేం తప్పు మాట్లాడినా అక్కడికక్కడే దిద్దే మా అత్తమ్మ, ఆ ఒక్కసారి దిద్దకుండా నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. చెప్పుల గుట్టలో మావి వెతుక్కోవడానికి అరగంట పట్టింది. తార్నాకలో చాయ్ తాగి, నాలుగింటి బస్సెక్కి ఇల్లు చేరాం.

పిల్ల పోయాక దాన్ని ఎరిగినవాళ్ళు అప్పటిదాకా ఉన్నవాళ్ళే, ఇక కొత్తగా ఎవరూ ఎరగబోరని అనుకుంటూ వచ్చాను. ఆ రోజు ఒక మనిషి ఎరిగారు. ముఖం చూడకుండానే తెలివైన పిల్ల అన్నారు. దర్శనమైందో లేదో అత్తమ్మ ఇప్పటికీ తేల్చలేదు. నాకు మాత్రం, చెయ్యాల్సిన ఒక పని ఆలస్యంగానైనా చేసి వచ్చినట్లుంది.

మీరూ ఎప్పుడైనా ఇలాంటి ప్రదర్శనకు పోయేట్టయితే ఒక్క మాట. మధ్యాహ్నమైతే జనం ఎక్కువ, సార్లకు ఊపిరాడదు. పొద్దున్నే పోండి, పిల్లలు అడగాలనుకున్నవన్నీ వాళ్ళ నోటితోనే అడగనివ్వండి.