బీరువాలో నెట్టు పెట్టె

వీధిలో అందరూ ఆమెను టైలరక్క అంటారు. మిషన్ ముందు కూర్చుందంటే లోకమే మర్చిపోతుందని పేరు. అది శుద్ధ అబద్ధం. మిషన్ కిటికీ పక్కన ఉంది, కిటికీ పక్కనే పై వాటాకి వెళ్ళే మెట్లున్నాయి. కాళ్ళు తొక్కుతున్నా, చేతులు గుడ్డని జరుపుతున్నా, చెవులు మాత్రం ఆ మెట్ల మీదే ఉంటాయి. పై వాటాలో ఆమె తోడికోడలు ఉంటుంది.

తోడికోడలంటే టైలరక్కకి అసూయ. డొంకతిరుగుడుగా చెప్పి లాభం లేదు. పై వాటాకి ఎండ బాగా తగులుతుంది, వాళ్ళ బట్టలు మధ్యాహ్నానికే ఆరిపోతాయి. కింద సాయంత్రమైనా తడి తెలుస్తూనే ఉంటుంది. దానికీ అసూయే. ఆవిడ నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది, దానికీ అసూయే. ఒకసారి కడుపుమంట ఆపుకోలేక ఆవిడ డ్రెస్సు కొలత కంటే అర అంగుళం బిగుతుగా కుట్టింది. వేసుకుని చూసుకున్న ఆ మహాతల్లి, "నీ కుట్టుకేం అక్కా, నేనే లావెక్కినట్టున్నాను" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాలుగు మాటలని దెబ్బలాడి ఉంటే ఎంత హాయిగా ఉండేది! ఆ పూట టైలరక్కకి ముద్ద దిగలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మనవరాలు ఒక ఎత్తు.

టైలరక్క కూతురు ఉద్యోగం చేసే ఊరు చాలా దూరం. అక్కడ పుట్టిన బుజ్జిదానికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కూతురు వీడియో కాల్ చేస్తుంది, ముందు కిందికి, తర్వాత పైకి. చిన్నప్పుడు పిన్ని ఒళ్ళోనే పెరిగిన పిల్ల, పైకి చెయ్యొద్దని చెప్పడానికి తల్లికి నోరెలా వస్తుంది?

గోడలు మందం కావడంతో కింద వాటాలో ఫోను సిగ్నలు అంతంతమాత్రం. అందుకే టైలరక్క పట్టుబట్టి ఇంట్లో వైఫై నెట్టు పెట్టించుకుంది. పై వాటాలోనూ అదే కంపెనీ నెట్టు, అదే తెల్లటి పెట్టె, దానికీ రెండు కొమ్ములే. పెట్టించిన రోజే తోడికోడలు మెట్ల మీద నిలబడి, "అక్కా, మీ నెట్టు పేరు నా ఫోన్లో కనబడుతోందే!" అంది సంబరంగా.

టైలరక్క గుండె గుభేలుమంది. తన సొమ్ము తన గడప దాటి, మాటమాత్రం చెప్పకుండా మెట్లెక్కి, ఆ మనిషి ఫోన్లోకి దూరిందన్నమాట. ఇక ఊరుకుంటుందా? ఆ ఇంట్లో విలువైనదేదైనా చివరికి చేరేది ఇనుప బీరువాలోకే. మంచి కత్తెర, ఖరీదైన జిప్పులు, ఆఖరికి టీవీ రిమోటు కూడా అందులోనే ఉంటాయి. మొగుడి చేత బీరువా తలుపు అడుగున రేకు కాస్త కోయించి, వైర్లు ఆ సందులోంచి పోనిచ్చి, నెట్టు పెట్టెని లోపల పెట్టి ఆ రాత్రే తాళం వేసింది. మర్నాడు తోడికోడలు, "ఇప్పుడు కనబడట్లేదక్కా" అంటే, చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం ఆమెకి కమ్మగా నిద్ర పట్టింది.

కానీ ఆ సాయంత్రం నుంచే ఫోన్లో బుజ్జిది ముక్కలు ముక్కలుగా రావడం మొదలుపెట్టింది. ఒకసారి ముక్కు, ఒకసారి చెయ్యి, మాటైతే ఎప్పుడూ సగమే. అవతల కూతురి ఫోన్లో టైలరక్క పరిస్థితి ఇంకా అన్యాయం. "అమ్మా, మళ్ళీ ఆగిపోయావు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయావు" అని కూతురి గొంతు తెగుతూ తెగుతూ వినిపించేది. కాసేపటికి కాలే తెగిపోయేది. ఆ వెంటనే పై వాటాలోంచి బుజ్జిదాని కిలకిలలు, తోడికోడలి పాటలు. టైలరక్క కింద కూర్చుని సీలింగు వంక కొరకొరా చూసేది.

"పైకి వచ్చెయ్యక్కా, ఇక్కడ చక్కగా వస్తోంది" అని పిలిచేది తోడికోడలు. "పోనీ పాస్‌వర్డ్ చెప్తా, మాదే వాడుకో" అనేది. మెట్లెక్కితే ఓడిపోయినట్టే. టైలరక్క ఎక్కలేదు.

ఒకరోజు ఆవిడ పరుగున దిగి వచ్చింది. "అక్కా, బుజ్జిది నన్ను అమ్మమ్మా అందే!"

"చిన్నమ్మమ్మ అనాలి" అంది టైలరక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

"అదేలే అక్కా. పసిది కదా, నోరు తిరగలేదు."

దారం సూదిలోకి ఎంతకీ ఎక్కలేదు. ఇలాగే సాగితే ఆ పిల్లకి అమ్మమ్మంటే పై వాటా మనిషే. రేపు ఎదురుగా నిలబడినా ఈవిడెవరని అడుగుతుంది. ఆ ఆలోచన రాగానే టైలరక్కకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపం ముందు పనిలోకి దిగింది, కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టింది.

మొదట మీ కాల్ మాకెంతో విలువైనదని చెప్పి, ఓపిక నశించేదాకా సంగీతం వినిపించారు. ఆ తర్వాత తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి పలికింది.

"పెట్టె మీద ఏ లైటు వెలుగుతోందండీ?"

టైలరక్క బీరువా తలుపు బార్లా తీసి చూసింది. "పచ్చది."

"ఇప్పుడు నెట్టు వస్తోందా అండీ?"

తలుపు తీసుంటే రాక ఏమవుతుంది? ఆ సంగతి టైలరక్కకి తట్టలేదు. "ఇప్పుడొస్తోంది. సాయంత్రం రావట్లేదమ్మా!"

"అయితే సాయంత్రం ఒకసారి ఆపి, మళ్ళీ వెయ్యండి. ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

ఫోన్ పెట్టేసిందో లేదో మెసేజ్ వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? "స్టార్లా? పట్టపగలే చుక్కలు చూపిస్తా రండి" అని పళ్ళు నూరింది టైలరక్క. ఎన్నిసార్లు చేసినా అదే పాట, అదే పచ్చ లైటు. పెట్టె ఎక్కడుందని మాత్రం ఆ అమ్మాయి ఏనాడూ అడగలేదు. టైలరక్క తనంతట తాను చెప్పనూ లేదు. విలువైనవి ఎక్కడ దాచుకున్నామో ఫోన్లో ఎవరికో చెప్తామా?

గట్టిగా గొడవ చేస్తే మెకానిక్ వచ్చేవాడు. పరాయివాళ్ళ ముందు బీరువా తీసే అలవాటు ఆమెకి లేదు. అతని బండి చప్పుడు వినగానే పెట్టెని బయటికి తీసి, తుడిచి, మిషన్ బల్ల మీద మర్యాదగా కూర్చోబెట్టేది. అతను చూసి, "గుర్రంలా పరిగెడుతోంది మేడమ్. మీ ఫోనే పాతదైపోయింది" అని తేల్చేసి వెళ్ళేవాడు. అతను గేటు దాటగానే పెట్టె మళ్ళీ బీరువాలోకి పోయేది.

ఒకసారి అలాగే వెళ్ళినవాడు, మర్చిపోయిన హెల్మెట్ కోసం వెనక్కి వచ్చాడు. టైలరక్క ఒక చేత్తో పెట్టె పట్టుకుని, ఇంకో చేత్తో బీరువా తలుపు తెరుస్తోంది.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"లోపల పెడుతున్నా. రోజూ ఇందులోనేగా ఉండేది."

అతను పెట్టె వంకా బీరువా వంకా మార్చి మార్చి చూశాడు. "ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తే సిగ్నల్ బయటికెలా వస్తుందండీ?"

"రాకూడదనే కదా బాబూ పెట్టింది! ఆ పైకి పోకూడదని."

పైకి అంటూ కిటికీలోంచి వేలు చూపించింది. అటు మెట్ల మీద, ఆరిన బట్టలు గుండెకి హత్తుకుని తోడికోడలు నిలబడి ఉంది. మెకానిక్ గబగబా హెల్మెట్ తగిలించుకుని, అందులో నవ్వుకుంటూ బయటపడ్డాడు.

సాయంత్రం పెట్టె బల్ల మీదే ఉంది. తోడికోడలు దిగి వచ్చింది. ఇవాళైనా కడిగేస్తుందనుకుని టైలరక్క మాటలన్నీ కూడగట్టుకుంది. ఆవిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "ఇవాళ బాగా వస్తుందిలే అక్కా. నేనూ చూస్తాను" అంది, అంతే. ఆ ఓర్పు చూసి కూడా టైలరక్కకి ఒళ్ళు మండింది.

ఫోన్ మోగింది. బుజ్జిది అద్దంలో కనిపించినంత స్పష్టంగా వచ్చింది. కింది పళ్ళ మధ్య సందుతో సహా కనబడుతోంది. "బుజ్జీ! నేనేనే, మీ అమ్మమ్మని!" అని టైలరక్క రెండు చేతులూ ఊపేసింది. పిల్ల బిత్తరపోయి, పెదవి విరిచి, తల్లి మెడలో ముఖం దాచుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి, తెర అంచున ఉన్న తోడికోడల్ని చూసి నవ్వింది.

టైలరక్క ఊపుతున్న చేతులు కిందికి దించేసింది.

"ఏమనుకోకమ్మా" అంది కూతురు. "ఇన్నాళ్ళూ నువ్వు దానికి ఆగిపోయే కనబడ్డావు. నువ్వు ఆగిపోతే వేలితో తట్టి లేపేది, అదో ఆట. ఇలా గబగబా కదులుతుంటే ఎవరో అనుకుంటోంది."

టైలరక్క ఒక్క క్షణం ఆలోచించింది. నోరు సగం తెరిచి, కుడి చెయ్యి గాల్లోకి లేపి, అలాగే ఆగిపోయింది. రెప్ప కూడా వెయ్యలేదు.

బుజ్జిది మెల్లగా తల తిప్పింది. తెర దగ్గరికి వచ్చింది. వేలితో టైలరక్క ముక్కు మీద తట్టింది, మళ్ళీ తట్టింది.

"అమ్మమ్మ!"

అని, తనూ నోరు తెరిచి, చెయ్యి లేపి, అచ్చం అలాగే ఆగిపోయింది.

టైలరక్క కళ్ళలో నీళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. పక్కనున్న తోడికోడలి ముఖం ఇప్పుడెలా ఉందో చూడాలని ప్రాణం పీకేస్తోంది. కానీ తల తిప్పితే బుజ్జిది మళ్ళీ దాక్కుంటుంది. టైలరక్క కదలలేదు.