గరుడ వాహనం కింద వెంకటపతి

పెరంబూరులో రైలుపెట్టెల ఫ్యాక్టరీ కొత్తగా లేచిన రోజులవి. మా పక్కవాటాలో వెంకటపతి నాయుడు ఒక్కడే ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. రైల్వే వర్కుషాపులో పని. ఆయనకంటూ మిగిలింది ఒక్కటే హక్కు. వీధి చివరి పెరుమాళ్ళ గుడిలో గరుడసేవనాడు వాహనం మోసే కొయ్యకు ముందు కొసన భుజం పెట్టడం. ఆ కొయ్యను మావాళ్ళు తండు అంటారు. తాత మోశాడు, తండ్రి మోశాడు, తర్వాత ఈయన.

ఒక ఎండాకాలం బావి దగ్గర గంగాళం ఎత్తబోతే నడుము పట్టేసింది. ఆ పట్టు వదల్లేదు. ఆ ఏడు గరుడసేవను గడపలో కూర్చుని చూశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇదేం అలక అని నాకు ఒళ్ళు మండింది గాని, వీధంతా ఆయన్ను పేరుపెట్టి పలకరించేది ఏడాదికి ఆ ఒక్కరోజేనని తర్వాత అర్థమైంది.

డాక్టరు మందులకన్నా అలవాట్లే ఎక్కువ చెప్పాడు. నాయుడు వాటిని నోములా పట్టాడు. మళ్ళీ తండు మోయాలి, అంతే. నులకమంచం మూలకు నెట్టి బల్లమీద పడుకున్నాడు. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చెయ్యి ఊని, కాళ్ళు దించి, అప్పుడు నిలబడేవాడు. అగ్గిపెట్టె కింద పడినా నడుము వంచకుండా గొంతుక్కూర్చుని తీసేవాడు. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టుకునేవాడు. పొద్దున్నే స్టేషను దాకా నడక, అదీ ఎంత నింపాదిగానో, పాలవాడి ఆవు ఆయన్ను దాటిపోయేది.

నూనె మర్దనా ఒక్కటే కుదిరేది కాదు. తన వీపు తనకు అందదు గదా. గుడ్డకు వేడినూనె పట్టించి, బల్లమీద పరిచి, దానిమీద పడుకునేవాడు. నేను రాస్తానన్నాను.

"వద్దప్పా. అలవాటైతే రేపెవురు రాస్తారు?" అన్నాడు.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. నొప్పి మెల్లగా తగ్గి, తగ్గి, పోయింది. ఆ వైశాఖంలో నాయుడు కొత్త పంచె కట్టి గుడికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. మోసేవాళ్ళ పెద్ద గోవిందస్వామి ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"నడుము ఎట్లుండాదన్నా? మోస్తావా?"

"పరవాయిల్లే. నొప్పి పూరా పోయింది. నా చోటు నాకియ్యప్పా."

"నీ చోటు ఆడనే ఉండాది. రా."

నాదస్వరం మొదలైంది, వాహనం లేచింది. నేను పక్కనే నడుస్తున్నాను. నడుము పట్టిన ఇన్నేళ్ళలో నాయుడు కాస్త వంగిపోయాడు. రోజూ అద్దంలో చూసుకునేది మొహమే. వంగావయ్యా అని చెప్పడానికి ఇంట్లో మరో మనిషి లేదు. తక్కినవాళ్ళు నిటారు మనుషులు, తండు వాళ్ళ భుజాలమీద ఆనింది. నాయుడి భుజానికీ తండుకూ మధ్య చెయ్యి దూరేంత సందు.

గోవిందస్వామి చూశాడు. వెనకవాళ్ళూ చూశారు. అందరూ చూడనట్టే ముందుకు అడుగు వేశారు. నాయుడు చెయ్యి పైకెత్తి తండు పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. హారతి పట్టిన ఆడవాళ్ళు నాయుడు మళ్ళీ వచ్చాడని సంతోషపడ్డారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పెరుమాళ్ళమీద కోపం కూడా వచ్చింది.

వాహనం దించాక ఇద్దరం ఇంటిదారి పట్టాం. వీధి మలుపులో నేనే అడిగాను.

"నడుము నొస్తా ఉండాదా అన్నా?"

"లేదప్పా" అన్నాడు. "ఈ పొద్దు మటుకు నొయ్యాల్సింది."