బల్ల మీది పెన్‌డ్రైవ్

దోర్కా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు నాచారంలోని ప్రార్థన మందిరానికి వెళ్లి రావాలి. అది అత్తగారు లూర్దమ్మ పెట్టిన నియమం. భర్త జోసఫ్ బండి తాళంచెవి వెళ్లింది. మిక్సీ వెళ్లింది. కూతురి పదో తరగతి హాల్‌టికెట్ వెళ్లింది. ఒకసారి గ్యాస్ స్టవ్ అట్టపెట్టెతో సహా వెళ్లింది. ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు వీటిని వేదిక పక్కన తెల్లబట్ట పరిచిన బల్ల మీద పెడతారు. ఆఖరున పాస్టర్ గారు వాటి మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాతే వాడకం.

దోర్కాది జనగామ దగ్గర పల్లె. పెళ్లయి నాచారం వచ్చేనాటికి డిగ్రీ సగంలో ఉంది. మిగతా సగం చంకలో పిల్లతో పూర్తి చేసింది, ఎమ్మే దూరవిద్యలో చేసింది, ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరయింది. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరతానంటే, ఉప్పల్ డిపోలో మెకానిక్‌గా పనిచేసే భర్త జోసఫ్ పానా కింద పెట్టి నవ్వాడు. "గిప్పుడు డాక్టరమ్మవై ఎవరికి సూదులేస్తవే?" అన్నాడు. కానీ చేరిన రోజు యూనివర్సిటీ దాకా బండి మీద దింపింది ఆయనే.

ఆమె పరిశోధన నాచారం పారిశ్రామికవాడలో మూతబడిన కంపెనీల ఆడకూలీల గురించి. ఆ ఆలోచన పుస్తకాల్లోంచి రాలేదు, ఇంట్లోంచే వచ్చింది. లూర్దమ్మ వయసులో ఉన్నప్పుడు ఇక్కడి దారం మిల్లులో పనిచేసింది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, మిల్లుకు తాళం పడిన రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టి పొద్దుగూకేదాకా ఆపలేదు. దోర్కా ఫోన్‌లో రికార్డు చేసింది. అదే మొదటిది. తర్వాత లూర్దమ్మే చేయి పట్టుకుని తన వెంట పనిచేసిన వాళ్లందరి ఇళ్లకూ తిప్పింది. మల్లాపూర్‌లో ఒకరు, చిలకానగర్‌లో ఒకరు, పిల్లల దగ్గర రామంతాపూర్‌లో ఉండేవాళ్లు ఇద్దరు. మంచం మీదున్న బాలమణి అయితే ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే మాట్లాడింది. పోయిన వానాకాలం ఆమె చనిపోయింది.

ఈ గొంతులన్నీ, వాటిని విని రాసుకున్న పేజీలన్నీ, ఐదేళ్ల పని మొత్తం, డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో మూలనున్న ఒక పాత కంప్యూటర్లో ఉండేవి. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే చోటు వీడియోలతో ఎప్పుడో నిండిపోయింది. ఫోన్ నిండినప్పుడల్లా ల్యాబ్ కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లోవి తుడిచేయడం ఆమెకు అలవాటు. ల్యాబ్ అంటే ప్రభుత్వానిది, ఎక్కడికి పోతుందని ధీమా.

నవంబరులో నోటీసు వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసేస్తున్నారు. గైడు రామ్మోహనరావు గారిది గుంటూరు వైపు. ఆయన ఏదైనా ఒకసారే చెబుతారు. "శనివారం సాయంత్రంలోగా మీదంతా తీసేసుకోండమ్మా. ఆ తర్వాత నన్నడిగి లాభం లేదు. వాటిని తుడిచేసి పంపేస్తారు."

దేంట్లోకి తీసుకోవాలన్నది ఇంట్లో, బడిలో పెద్ద చర్చ అయింది. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆమని సూటిగా చెప్పింది. "హార్డ్‌డిస్క్ కొనండి దోర్కా గారూ. పెన్‌డ్రైవ్ చేతిసంచి లాంటిది, బీరువా కాదు. మోసుకెళ్లడానికే తప్ప దాచుకోవడానికి పనికిరాదు."

జోసఫ్ ఒప్పుకోలేదు. "దాంట్ల చక్రం తిరుగుతదంట. నాచారం రోడ్డు మీద బండెక్కితే నా నడుమే ఉంటలేదు, చక్రం ఉంటదా?"

ఉప్పల్ మెట్రో కింది దుకాణంలో ఉమామహేశ్వర్ మూడు రకాలు అద్దం మీద పరిచాడు. సబ్బుబిళ్లంత హార్డ్‌డిస్క్, అగ్గిపెట్టెంత ఎస్ఎస్‌డీ, చిటికెనవేలంత పెన్‌డ్రైవ్.

"ఏది మంచిదన్నా?" అంది దోర్కా.

"అన్నీ మంచియే మేడం. చెడ్డది నేనెందుకు అమ్ముత?"

"గట్ల కాదు. నీ సొంత చెల్లె అడిగితే ఏదిస్తవ్?"

"సొంత చెల్లె అయితే ఎస్ఎస్‌డీ ఇస్త. కింద పడ్డా ఏం గాదు. పైసలు మా బావ కడ్తడు."

దోర్కాకు నవ్వొచ్చింది కానీ ఆ ధర విన్నాక చెయ్యి వెనక్కి వచ్చింది. హార్డ్‌డిస్క్ చేతిలోకి తీసుకుంది. ఇది పడితే పోతుందా అని అడిగింది. పడకుండా చూసుకోవాలన్నాడు. బడిపిల్లల మధ్య, బస్సుల్లో, స్కూటీ డిక్కీలో ఏది పడకుండా ఉంటుంది? పెన్‌డ్రైవ్‌లో తిరిగేదేమీ లేదు. మెడలో వేసుకోవచ్చు, బైబిల్ కవరు జిప్పులో పెట్టుకోవచ్చు. తెలిసిన వస్తువు. నల్లటి ఇనుప పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుంది. పెద్ద ఫైళ్లు పట్టేలా ఉమామహేశ్వర్ దాన్ని సరిచేసి ఇచ్చాడు.

శనివారం పొద్దున్నుంచీ ల్యాబ్‌లోనే కూర్చుని అంతా ఎక్కించుకుంది. మధ్యలో ఒకసారి కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేసింది. సాయంత్రం కంప్యూటర్లు తుడిచే మనిషి వచ్చి వెనక నిలబడ్డాడు. ప్రతి ఫోల్డరూ తెరిచి చూసుకుని, బాలమణి గొంతు కొంచెం విని, అప్పుడు లేచింది. సోమవారం బడికి పోగానే ఆమని తన కంప్యూటర్లోకి ఇంకో కాపీ తీసిపెడతానంది. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

ఆ రాత్రి అన్నాల దగ్గర లూర్దమ్మ అడిగింది. "కొత్తది కొన్నవంట గదా. రేపు బల్ల మీద పెడ్దం."

"అది వస్తువు కాదత్తమ్మా. అండ్ల నా చదువంతా ఉంది."

"అందుకే పెట్టాలె. స్టవ్వుకు ప్రార్థన చేయించినం, నీ చదువుకు చేయించమా? నా గొంతు గూడ అండ్లనే ఉన్నది గదనే."

దోర్కా ఆలోచించింది. ఒక్క పూట. మందిరం చిన్నది, బల్ల కళ్ల ముందే ఉంటుంది. అందరూ తెలిసినవాళ్లు. అక్కడ కిలో వెండి పెట్టినా ముట్టేవాళ్లు లేరు. పైగా ఇన్నేళ్లలో ఆమె చదువు కోసం నోరు తెరిచి అడిగింది అత్త ఒక్కతే. సరేనంది.

మందిరంలో మైకుల పని జీవన్ కుమార్ చూస్తాడు. వారమంతా మందుల కంపెనీలో ఉద్యోగం, ఆదివారం మైకుల గొంతులు కలిపే మిక్సర్ దగ్గర సేవ. దోర్కాను అక్కా అంటాడు. క్రిస్మస్‌కు సంఘం పాటలు రికార్డు చేయాలని, దానికి పెద్ద పెన్‌డ్రైవ్ కావాలని ఎన్నో వారాలుగా సంఘపెద్ద హన్మయ్యను సతాయిస్తున్నాడు. "వచ్చే ఆదివారం తెచ్చి బల్ల మీద పెడ్త తమ్మీ, ప్రార్థన అయినంక తీస్కో" అని హన్మయ్య మాటిచ్చాడు. మాటిచ్చి మరిచిపోయాడు. ఇదంతా దోర్కాకు తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం బల్ల మీద కొత్త బండి తాళాలు, నర్సింగ్ చదివే అమ్మాయి హాల్‌టికెట్, పెన్‌డ్రైవ్ ఉన్నాయి. దోర్కా ఆడవాళ్ల వైపు రెండో వరుసలో కూర్చుంది. పాటలప్పుడు బల్ల మీద నల్లగా అది కనిపిస్తూనే ఉంది. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలప్పుడు ఒకామె లేచి తన గుండె ఆపరేషన్ గురించి చెబుతూ ఏడ్చింది. దోర్కా ఆమె వైపు తిరిగి చూసింది. తర్వాత వాక్యం విప్పమంటే బైబిల్ విప్పింది. ఆ తర్వాత బల్ల వైపు చూడాలని ఆమెకు తోచలేదు.

ఆఖరి ప్రార్థనకు అందరూ లేచారు. కళ్లు మూసుకుని బల్ల వైపు చేతులు చాపారు. పాస్టర్ గారు మొదలుపెట్టారు. "తండ్రీ, మా సహోదరి దోర్కమ్మ ఎంతో ప్రయాసపడి చేసిన చదువును నీ సన్నిధిలో పెట్టింది..."

తన పేరు వినగానే దోర్కా కళ్లు తెరిచింది. బల్ల మీద తాళాలున్నాయి, హాల్‌టికెట్ ఉంది. పెన్‌డ్రైవ్ లేదు. కింద పడిందేమోనని చూసింది. అప్పుడు మూలనున్న మిక్సర్ కనిపించింది. దాని అంచులోంచి నల్లగా చిటికెనవేలంత పొడుచుకొచ్చి ఉంది. పక్కన ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతోంది. జీవన్ అందరిలాగే కళ్లు మూసుకుని, చేయి చాపి, గట్టిగా ఆమెన్ అంటున్నాడు.

ఆమెకూ మిక్సర్‌కూ మధ్య నాలుగు వరుసల జనం. అందరి కళ్లూ మూసి ఉన్నాయి, తోసుకుని వెళ్లొచ్చు. పక్కన లూర్దమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని సన్నగా వణుకుతూ ప్రార్థిస్తోంది. పాస్టర్ గారు ఇంకా ఆమె గురించే చెబుతున్నారు. ఆమె నడిచివచ్చిన పల్లె గురించి, ఆమె రాత్రుళ్లు మేలుకున్న దీపం గురించి. ఆయన సమస్తం ఎరిగినవాడిలా నింపాదిగా చెబుతున్నారు. దోర్కా "అయ్యగారూ" అనబోయింది. తన కోసం చేస్తున్న ప్రార్థనను తానే ఎట్లా ఆపుతుంది? ఎర్ర దీపాన్ని చూస్తూ నిలబడింది. ప్రార్థన బండి తాళాల మీదికి, అక్కడి నుంచి హాల్‌టికెట్ మీదికి, అక్కడి నుంచి దేశం మీదికి వెళ్లింది.

ఆమెన్ అన్నాక జనాన్ని తోసుకుని వెళ్లింది. ఎదురొచ్చి వందనాలు చెప్పినవాళ్లను దాటుకుపోయింది.

"జీవన్, ఇది నాది."

"నీదా అక్కా? హన్మయ్య మామ మన సంఘానికి తెచ్చిండనుకున్న! వాక్యం రికార్డు చేసి చూద్దమని ప్రార్థనకు ముందే తీస్కున్న."

"ఏం చేసినవ్ దీన్ని?"

"ఏం చెయ్యలె. పెట్టంగనే ఫార్మాట్ చేయాల్నా అని అడిగింది, అవునని కొట్టిన. కొత్తది గదా." అతని ముఖం మెల్లగా మారింది. "అండ్ల ఏమన్న ఉండెనా అక్కా?"

దోర్కా అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "నా ఐదేళ్ల చదువు" అంది. జీవన్ మోకాళ్ల మీద కూర్చుని, "కొట్టరాదే అక్కా, ఒక దెబ్బ కొట్టు" అన్నాడు. హన్మయ్య దూరంగా నిలబడి తల గోక్కున్నాడు. పాస్టర్ గారు విషయం విని, దేవునికి అసాధ్యమైనది లేదన్నారు. మళ్లీ ప్రార్థన చేద్దామన్నారు. దోర్కా వద్దంది. ఆ మందిరంలో ఆమె వద్దనడం అదే మొదటిసారి.

పోయిన ఫైళ్లు తీసే విజయభాస్కర్ దుకాణం ఏఎస్ రావు నగర్‌లో ఉంది. సోమవారం జోసఫ్ డ్యూటీ మానుకుని తీసుకెళ్లాడు.

"ఒట్టి ఫార్మాట్ అయితే భయం లేదు మేడం, చాలావరకు వచ్చేస్తాయి. దాని మీద మళ్లీ ఏమైనా రాశారా?"

"రికార్డయింది" అంది దోర్కా.

"ఎంతసేపు?"

"వాక్యం మొదలైనకాడ్నుంచి ఆఖరి ప్రార్థన దాకా. మైకు మైకుకు వేరేగ రికార్డు చేస్తదంట."

విజయభాస్కర్ పెదవి విరిచాడు. "అప్పుడే పీకేసి ఉంటే బాగుండేది. ప్రతి నిమిషానికీ కింది సరుకు తగ్గిపోతుంది." చూసిన క్షణం నుంచి ఆమెన్ దాకా తాను నిలబడిన సమయం దోర్కాకు గుర్తొచ్చింది. జోసఫ్‌కు చెప్పలేదు.

వారం తర్వాత విజయభాస్కర్ పిలిచాడు. కొన్ని ఫైళ్లు వచ్చాయి, పేర్లు లేకుండా. తెరిస్తే పేజీల నిండా అక్షరాలకు బదులు డబ్బాలు. గొంతులు వచ్చినట్టే వచ్చి మాట మధ్యలో తెగుతున్నాయి. ఎవరిదో నవ్వు, ఎవరింట్లోదో కుక్కర్ విజిల్. బాలమణి అసలు రాలేదు. "ఇదొక్కటి క్లియర్‌గా ఉంది" అంటూ విజయభాస్కర్ ఒకటి పెట్టాడు. పాస్టర్ గారి గొంతు గదంతా మోగింది. తండ్రీ, మా సహోదరి దోర్కమ్మ. జోసఫ్ చేయి చాపి ఆపేశాడు.

రామ్మోహనరావు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. "మొదటి రెండు అధ్యాయాలు నా మెయిల్లో ఉన్నాయి. గడువు పెంచమని రాద్దాం. ఇస్తారో ఇవ్వరో చెప్పలేను. కానీ ఆ రికార్డింగులు లేకుండా నేను సంతకం పెట్టలేనమ్మా. రేపు పరీక్షకులు అడిగితే నా దగ్గర మాట ఉండదు."

ఇక రావని తెలిశాక ఇంట్లో లూర్దమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దేవుని చిత్తమని ఒకసారి అంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు మధ్యాహ్నం తనే వచ్చి దోర్కా ముందు కూర్చుంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది.

"ఫోన్ పెట్టు బిడ్డా. మళ్లా చెప్త. అందర్ని తిరిగి అడుగుదాం. నేనొస్త నీ వెంబడి."

దోర్కా ఫోన్ మధ్యలో పెట్టి రికార్డింగు నొక్కింది. లూర్దమ్మ నిటారుగా కూర్చుని గొంతు సవరించుకుంది.

"నా పేరు లూర్దమ్మ. నేను దారం మిల్లుల పని జేసిన. పొద్దుగాల షిఫ్టు. మిల్లు మూసిన్రు. మస్తు తిప్పలు పడ్డం." అక్కడ ఆగింది. ఇంకేదో వెతుక్కుంటున్నట్టు చీర అంచు నలిపింది. మొదటిసారి ఈమె ఇట్లా మాట్లాడలేదు. తిట్టింది, నవ్వింది, తాళం వేసిన మనిషి నడకను లేచి నడిచి చూపించింది. ఒకచోట ఏడ్చింది కూడా.

"గా రోజు నేను ఏమేమన్ననే? జర యాది జెయ్యి" అంది లూర్దమ్మ. "నువ్వు చెప్పు, అచ్చం గట్లనే అంట."

దోర్కా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఏడ్చిన సంగతి గుర్తుంది. ఏ మాట దగ్గర ఏడ్చిందో గుర్తు రాలేదు. ఫోన్ మీద అంకెలు నడుస్తున్నాయి. లూర్దమ్మ ఆమె నోటి వైపే చూస్తూ కూర్చుంది.