పూజనాడు పూంగొడి ముట్టుకున్న డిస్కు

చెన్నైలో కంప్యూటర్ కొట్లన్నీ ఉండే రిచీ వీధిలో స్క్రూడ్రైవర్ పట్టిన ఆడవాళ్లను లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు. ఆ ఒక్కతీ పూంగొడి. విళుప్పురం నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా అందరూ అన్నాచ్చి, అంటే పెద్దన్న, అని పిలిచే తణికాచలం కొట్టులో పాడైన కంప్యూటర్లు బాగుచేస్తోంది. నోరు పెద్దదని వీధంతా అంటారు. అబద్ధమేమీ కాదు. ఆ నోరే లేకపోతే ఈ మగాళ్లంతా కలిసి ఆమెను ఎప్పుడో టీ గ్లాసులు కడగడానికి కూర్చోబెట్టేవాళ్లు.

ఆయుధపూజ మధ్యాహ్నం మరగదం టీచర్ ఒక హార్డ్ డిస్కు తెచ్చింది. అంధుల బడి పిల్లల కోసం పదకొండేళ్లుగా తన గొంతుతో రికార్డు చేసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. పరీక్షలు పదిహేను రోజుల్లో. డిస్కు చూస్తే టకటకమంటోంది.

టీచర్‌ను కూర్చోబెట్టి, డిస్కు బల్ల మీద పెట్టి, పూంగొడి పూజకు పూలు తేవడానికి వెళ్లింది. పూజ వేళ మించిపోతోందని అన్నాచ్చి ఆ డిస్కును కంప్యూటర్‌కు తగిలించి, తనకెంతో ముద్దైన, డిస్కులను పరీక్షించే సాఫ్ట్‌వేర్ తెరిచి, ‘బాగుచేయి’ అన్నచోట నొక్కేశాడు. గంధం, కుంకుమ పెట్టాక మర్నాడు పొద్దున దాకా పనిముట్టు ముట్టకూడదు. కంప్యూటర్ తనపాటికి తాను పనిచేసుకుంటే మనం ముట్టినట్టు కాదుగా అని ఆయన తెలివి.

పూలబుట్టతో వచ్చిన పూంగొడి తెర చూసి నిలువునా మండిపోయింది. డిస్కులో చదవడానికి కష్టమైన చోటల్లా ఉన్నది చెరిపేసి సున్నాలు రాసే రకం ఆ సాఫ్ట్‌వేర్. బుట్ట కింద పెట్టి మౌస్ మీద చెయ్యి వేసింది.

“చెయ్యి తియ్యి. బొట్టు పెట్టేశాం,” అన్నాడు అన్నాచ్చి.

“టీచరమ్మ పాఠాలు తుడిచిపెట్టుకుపోతున్నాయి అన్నాచ్చీ.”

“అమ్మవారు ఊరుకోదు.”

“ఇవాళ పూజ సరస్వతికేగా. చదువు చెరిగిపోతుంటే చూస్తూ కూర్చోమందంటే, ఆవిడతో నేనే మాట్లాడుకుంటా.”

పూంగొడి ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆపింది. తీగ లాగెయ్యకుండా, డిస్కు దీపం సద్దుమణిగే దాకా ఆగి, అప్పుడు కంప్యూటర్ కట్టేసింది. ముందు కాపీ, తర్వాతే పరీక్ష అని టీచరుకు చెప్పి, డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి ఉన్నదంతా కాపీ తీసింది. సాయంత్రానికి ఏడు పాఠాలు తప్ప అన్నీ దక్కాయి. ఆ ఏడూ మళ్లీ చదువుతానంది టీచర్, కళ్లు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఏమీ రాయకుండా చదివి మాత్రమే చూసే పరీక్ష పెట్టి, ఈ డిస్కును ఇక నమ్మొద్దని పూంగొడి చెప్పింది.

అన్నాచ్చి ప్రసాదం మరమరాలు అందరికీ పంచాడు, ఆమెకు తప్ప. పద్దెనిమిదేళ్ల చాకిరీకి ఇదా అనుకుంది ఆమె. అయినా మర్నాడు విజయదశమి పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, కొట్టులోని ఐదు కంప్యూటర్లలోంచీ ఆ సాఫ్ట్‌వేర్ తియ్యడం మొదలెట్టింది. అన్నాచ్చి అయితే ఫోల్డర్ చెరిపేసి చేతులు దులుపుకుంటాడు. దాని ముక్కలు లోపలే ఉండిపోయి, కంప్యూటర్ లేచినప్పుడల్లా అవీ లేస్తాయి. పూంగొడి ప్రోగ్రాముల జాబితాలోంచి పద్ధతిగా తీసి, కట్టేసి మళ్లీ వేసి, ఏమైనా మిగిలిందేమో వెతికింది. నాలుగోది అవుతుండగా అన్నాచ్చి వచ్చాడు. ఎవరినడిగి తీస్తున్నావన్నాడు.

“ఎవర్నీ అడగలేదు. ఈ కొట్టులో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. క్షమాపణ మాత్రం చెప్పను.”

ఆయన చెప్పులు విడిచి, లోపల కర్పూరం వెలిగించి వచ్చాడు.

“ఐదోది?”

“ఇంకా తియ్యలేదు.”

“లే,” అన్నాడు. ఆమె కుర్చీని ఐదో కంప్యూటర్ ముందుకు లాక్కుని తనే కూర్చున్నాడు. “ఎలా తియ్యాలో చెప్పు.”