కారద్దానికి గంజి పోసిన రోజు

మా ఇంట్లో ఎవరు ఏ తప్పు చేసినా మా ఆవిడ సుగుణ ఒకటే మాట అంటుంది: "పోనీలే, గంజి పొయ్యలేదుగా!" అబ్బాయి గ్యారేజీ తలుపుకి కారు గుద్దినా ఇదే మాట, మనవరాలు ఫోను సింకులో పడేసినా ఇదే మాట. విన్నవాళ్లందరూ ఆ గంజి సంగతేమిటని నా మొహమే చూస్తారు. పోసినవాణ్ని నేనే కాబట్టి నేనే చెప్పాలి. ముందే హెచ్చరిస్తున్నాను: ఈ కథలో పగిలేది ఒక అద్దం కాదు, రెండు. మధ్యలో మా ఆవిడ ఉద్యోగం, మా ఇద్దరి వీసాలు గాలిలో దీపాలవుతాయి. గుండె నిబ్బరం లేనివాళ్లు ఒక గ్లాసు మంచినీళ్లు పక్కన పెట్టుకుని మరీ చదవండి.

ఎనభైల మొదట్లో మేము మిషిగన్‌లో, నోవై ఊళ్లో ఉండేవాళ్లం. సుగుణ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం. ఆమె సామానుతోపాటు నేనూ వచ్చాను. నేను ఐదో తరగతి దాటలేదు. తెనాలిలో ఫొటోలకు ఫ్రేములు కట్టేవాణ్ని. అద్దం కోసే వజ్రపు కలాన్ని బట్టల పెట్టె అడుగున, బంగారం తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాను. ఇక్కడ నా పని వంట. రెండో పని, సుగుణ పరీక్షకు చదువుతుంటే చప్పుడు చెయ్యకుండా ఉండడం. మొదటి పని బాగానే చేసేవాణ్ని.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. ఈ రాష్ట్రం వాళ్లు పెట్టే నర్సుల పరీక్ష అది. సుగుణ ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే ఆసుపత్రి వాళ్లు దండం పెట్టి పంపేస్తారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే నేను తెనాలిలో దిగి, "ఏం ఏసేబూ, అప్పుడే వచ్చేశావేం?" అని అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పుకోవాలి. పరీక్ష మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి లాన్సింగులో. కారులో గంటకు పైగా దారి. నాకు డ్రైవింగు రాదు, ఆ వైపు బస్సు లేదు. ఉన్నదల్లా అరటికాయ రంగులో ఒక పాత చిన్న కారు. నాలుగు తలుపులది.

ముందురోజు సోమవారం. రాత్రి వాన పడి, పడింది పడ్డట్టే గడ్డకట్టింది. తెల్లారేసరికి మా కారు గాజు సీసాలో పెట్టిన అరటికాయలా ఉంది.

సెలవు పెట్టి పడగ్గదిలో తలుపేసుకుని చదువుతున్న సుగుణ లోపలినుంచే కేకేసింది. "ఏమండీ, ఆ కారు మీద ఐస్ కాస్త గీకి పెట్టండి. రేపు పొద్దున టైముండదు. గీకే బద్ద వెనక సీట్లో ఉంది."

వెళ్లి చూస్తే తలుపులన్నీ బిగుసుకుపోయాయి. ఐస్ గీకితేగాని తలుపు రాదు, తలుపు వస్తేగాని గీకే బద్ద రాదు. ఏం చెయ్యాలా అని వంటింట్లోకొచ్చాను. పొయ్యిమీద అన్నం ఉడికింది. గంజి వార్చాను. గిన్నెనిండా గంజి, పైన పొగలు. చూస్తుండగానే నా బుర్రలో దీపం వెలిగింది. మన ఇళ్లల్లో వేడినీళ్లకు లొంగని కష్టం ఏదైనా ఉందా చెప్పండి? జలుబుకీ వేడినీళ్లే, జిడ్డుకీ వేడినీళ్లే. పైగా ఇది గంజి. చిక్కగా ఉంటుంది, తొందరగా జారిపోదు, కాసేపు అంటిపెట్టుకుని కరిగిస్తుంది. పారబోసేదాంతో పని జరిగితే పుణ్యం, పురుషార్థం రెండూ!

గిన్నె పట్టుకెళ్లి, ముందు తలుపుల్లో నేను కూర్చునే వైపు అద్దం మీద ఎత్తునుంచి పోశాను. గుడిలో అభిషేకం చేసినట్టు. నేను చర్చికి వెళ్లే మనిషిని, అయినా తెనాలిలో పుట్టినవాణ్ని, ఆమాత్రం తెలుసు.

"ఫట్!"

మంచు పోయింది. అద్దమూ పోయింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. సీటు నిండా పటికబెల్లం పలుకుల్లా గాజు ముక్కలు, వాటి మీద వేడివేడి గంజి.

పడగ్గది కిటికీ లోంచి సుగుణ గొంతు. "ఏమండీ! ఏంటా చప్పుడు?"

"ఏం లేదే, ఐస్ ఊడింది!"

"అద్దం శుభ్రంగా వచ్చిందా?"

"ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు!" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

తర్వాత మా చర్చి స్నేహితుడు దానియేలన్నకు గుసగుసగా ఫోను చేశాను. ఒంగోలు మనిషి. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. అప్పుడే ఇంటికొచ్చి కళ్లు మూసుకున్న మనిషి, ఆవులిస్తూనే వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద గడ్డకడుతున్న తెల్లటి పదార్థాన్ని వేలితో ముట్టుకున్నాడు.

"ఏందిరా ఇది?"

"గంజి అన్నా."

"గంజా? ఉప్పేశావా?"

"లేదన్నా."

"ఉప్పేసుకుని నువ్వే తాగితే పొయ్యేది గదరా! కారుకెందుకు పోశావు, దానికేమన్నా జొరమా?"

"నెమ్మదిగా అన్నా! సుగుణ వింటే దాని చదువు పాడవుతుంది. రేపటికి నీ కారు ఇవ్వకూడదూ?"

"నేను డ్యూటీ దిగేసరికి ఏడవుద్ది. ఆపాటికి మీరు సగం దారిలో ఉండొద్దా?"

అద్దాలు బిగించే షాపుకి ఫోను చేస్తే, "మీది పాత మోడల్, తెప్పించాలి, గురువారం రండి" అన్నారు. మంగళవారం పెళ్లికి గురువారం పురోహితుడన్నమాట. ఇక మిగిలింది పాత కార్లు తుక్కుగా అమ్మే యార్డు.

ఆ యార్డులో మంచు కింద కార్లు సమాధుల్లా వరసగా ఉన్నాయి. మా మోడల్ కారు ఒక్కటే దొరికింది. రంగు కూడా అదే. నేను స్తోత్రం చెల్లిస్తుంటే దానియేలన్న తల అడ్డంగా ఊపాడు.

"ఇది రెండు తలుపులదిరా. తలుపు పొడుగు, అద్దమూ పొడుగే. మీ దాంట్లో పట్టదు."

"ఎంత పొడుగు?"

"బెత్తెడుంటది."

"బెత్తెడేగా? కోసేస్తాను."

యార్డు ఓనరు ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన. నేను గాలిలో కోత చూపించేసరికి ఆయన నోట్లో చుట్ట తీసి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ ఏదో గబగబా చెప్పాడు.

"ఏమంటాడన్నా?"

"కారు పక్కద్దాన్ని కాల్చి గట్టిచేస్తారంట. కొయ్యడం ఎవరివల్లా కాదంట. గీత పెడితే మొత్తం పేలిపోద్దంట."

నా పౌరుషం పొంగింది. "అన్నా, తెనాలిలో సగం పెళ్లి ఫొటోలకు అద్దాలు కోసిన చెయ్యి ఇది. నా కలం కింద లొంగని అద్దం లేదని చెప్పు!"

దానియేలన్న చెప్పాడు. పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి, అద్దం తీసుకుపొమ్మని చెయ్యి ఊపి, కాళ్ల దగ్గరున్న తన కుక్కతో ఏదో అన్నాడు. కుక్క కూడా నవ్వినట్టే అనిపించింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను ఆ రోకలిని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

వంటింటి బల్ల మీద బొంత పరిచి, అద్దం పడుకోబెట్టి, సుద్దతో గీత గీశాను. వజ్రపు కలాన్ని కిరసనాయిల్లో ముంచాను. పడగ్గదిలోంచి సుగుణ పాఠం సన్నగా వినబడుతోంది. దానియేలన్న ఫ్రిజ్ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"అక్కడెందుకన్నా?"

"ఈడైతే నీ పనితనం బాగా కనబడుద్దిరా."

మొదటిసారి కలం జారిపోయింది. అద్దం మీద వెంట్రుకంత గీత కూడా లేదు. ఆడలేక మద్దెల ఓడంటారు గాని, ఆరోజు మద్దెలే నాతో ఆడింది. పళ్లు బిగించి, ఒళ్లంతా కలం మీద మోపి మళ్లీ లాగాను. ఈసారి గీత పడింది. "చూశావా!" అని దానియేలన్న వైపు తిరిగి, అంచు దగ్గర కలం వెనక కొసతో చిన్నగా ఒక్క తట్టు తట్టాను.

అది పగలడం కాదు, పేలడం. బల్లమీద అద్దమన్నది లేదు. బొంతమీద, నేలమీద, మూత తీసిన అన్నం గిన్నెలో, దానియేలన్న బూట్లలో, అంతటా పటికబెల్లమే.

పడగ్గది తలుపు తెరుచుకుంది. సుగుణ గడపలో నిలబడింది. చేతిలో పుస్తకం, మధ్యలో వేలు.

"ఏంటండీ ఇది?"

"అద్దం."

"ఏ అద్దం?"

"కారుది."

"కారద్దానికి వంటింట్లో ఏం పని?"

"ఇది మన కారుది కాదులే."

"మరి మన కారుది?"

"అది కార్లోనే ఉంది." మిగతా నిజం కూడా చెప్పాను. "సీటు మీద."

దానియేలన్న ఫ్రిజ్ వెనకనుంచి తొంగిచూశాడు. "అమ్మాయ్, గంజి సంగతి నాకేం సంబంధం లేదు."

"గంజేంటి అన్నయ్యా?"

చెప్పక తప్పలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కుర్చీ మీది ముక్కలు దులిపి కూర్చుంది. "ఒక్క పాఠం మిగిలిందండీ. చలిదెబ్బ పాఠం, అదే, చలికి వేళ్లూ చెవులూ గడ్డకట్టడం. మనూళ్లో నర్సు చదువులో అది చెప్పలేదు, ఇక్కడ తప్పకుండా అడుగుతారంట. ఇప్పుడే మొదలెట్టాను" అంది. రెండు అద్దాలు పగిలినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

ఆమే మళ్లీ లేచింది. పుస్తకం పక్కన పెట్టింది. స్నానాల గదిలోంచి పసుపు బాతుల బొమ్మలున్న ప్లాస్టిక్ కర్టెన్ ఊడదీసింది. తన నర్సు సంచీలోంచి కట్లు కట్టే ప్లాస్టరు తీసింది. విరిగిన చేతికి కట్టు కట్టినట్టు కారు తలుపుకి పొందిగ్గా కట్టు కట్టింది. మేమిద్దరం కత్తెర అందించాం. ఆ తర్వాత ఇల్లంతా గాజు ఏరడం, వేరే అన్నం వండడం. చలిదెబ్బ పాఠం తెరవనే లేదు.

తెల్లవారకముందే బయల్దేరాం. మలుపు తిరిగినప్పుడల్లా తలుపులో పడిన గాజు ముక్కలు గజ్జెల్లా గలగలమంటున్నాయి. బాతులు టపటపా కొట్టుకుంటున్నాయి.

"ఊడదు కదా?" అన్నాను.

"నేను కట్టిన కట్టు ఇంతవరకూ ఊడలేదు" అంది సుగుణ.

హైవే ఎక్కాం. పక్కనుంచి పెద్ద ట్రక్కు ఒకటి హోరుమని పోయింది. దాని వెనకే మా బాతులూ ఎగిరిపోయాయి, నా మంకీ క్యాపుతో సహా. మంచుగాలి కత్తిలా లోపలికి దూసుకొచ్చింది.

"ఏమండీ, నా వేళ్లు! తిమ్మిరెక్కుతున్నాయి. పెన్సిల్ ఎలా పట్టుకోను?"

"ఆపు, ఏదన్నా అడ్డం పెడదాం!"

"ఆపితే టైముకి అందం!"

ఇక ఆలోచించలేదు. గంజి సీటు మీద పరుచుకు కూర్చున్న, గాజు అంటిన ఆ వంటింటి బొంతే ఒళ్లంతా చుట్టుకుని, కిటికీకి వీపు ఆనించి, ఖాళీ అంతా నిండేలా ఒదిగి కూర్చున్నాను. గాలి ఆగింది. అంటే, లోపలికి రావడం ఆగింది. నా వీపుకీ చెవులకీ మాత్రం రావలసిందంతా వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"వెచ్చగా ఉందండీ. కదలకండి."

కదలకుండానే, ఆమె రాత్రుళ్లు పైకి చదువుతుంటే విని నాకు నోటికొచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. ఇంగ్లీషు అర్థం నాకు తెలియదు, శబ్దం తెలుసు. ఆమె జవాబులు చెబుతూ నడిపింది. చలిదెబ్బ మీద ఒక్క ప్రశ్నా నా దగ్గర లేదు. ఆమె చదవంది నాకెక్కడినుంచి వస్తుంది? ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. పళ్లు టకటకలాడి నా ప్రశ్నలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. అయినా తలుపు మూసేలోపు ఆమెను పరీక్ష హాల్లోకి పంపాను.

బయట వసారాలో నేను బొంతతో కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు నన్నూ నా బొంతనూ చూసి పక్కకు తప్పుకున్నారు. నాకు పరీక్ష తప్ప ఏమీ పట్టలేదు. మధ్యాహ్నం భోజనం విరామానికి సుగుణ బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియడంలేదు.

"ఏమైందే? చలిదెబ్బ అడిగారా?"

"అడిగారు."

"చదవలేదుగా! ఏం రాశావు?"

"గడ్డకట్టిన చోట ఏం చెయ్యాలని అడిగారండీ. నాలుగు జవాబులిచ్చారు. ఒకటి, మరిగే వేడినీళ్లు పొయ్యడం." పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. "నాకు మన కారు గుర్తొచ్చింది. అది కొట్టేశాను. గట్టిగా రుద్దడం అని ఇంకోటి. మీ వజ్రపు కలం గుర్తొచ్చింది. అదీ కొట్టేశాను. పొయ్యి దగ్గర పెట్టి కాల్చడం అని మరోటి. కాల్చి గట్టిచేసిందాని గతీ చూశాం కదా. మిగిలింది గోరువెచ్చటి నీళ్లు, నెమ్మదిగా."

అప్పుడు నా మొహం కేసి సరిగ్గా చూసింది. "అయ్యో, మీ చెవులు! సుద్దముక్కల్లా ఉన్నాయి!"

పరుగున వెళ్లి పేపరు కప్పులో నీళ్లు తెచ్చి, చేతిరుమాలు ముంచి చెవులకు అద్దింది.

"ఇంకాస్త వేడిగా తేకూడదూ?" అన్నాను.

"పగిలిపోతారు. మీలాంటి పాత మోడల్‌కి ఏ యార్డులోనూ స్పేరు దొరకదు!"

పరీక్ష పాసయింది. అద్దం గురువారం వచ్చింది. నేను తాకకుండానే షాపువాళ్లు బిగించారు. ఆ ఆదివారం చర్చి నేలమాళిగలో, మనవాళ్లందరి ముందు, కుడిచెయ్యి ఎడమచెవి మీద పెట్టి ప్రమాణం చేశాను. అప్పటికి కుడిచెవి ఇంకా ముట్టుకోనిచ్చేది కాదు. "గంజి వార్చిన చేత్తో కారు తలుపు ముట్టను. కారద్దం మీద వజ్రం పెట్టను. కుక్క నవ్విన చోట పౌరుషానికి పోను."

దానియేలన్న "ఆమెన్" అన్నాడు, నిద్రలోనే.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు కుక్కరు. గంజి చుక్క రాదు. అయినా మంచు పడిన రోజున నేను వంటింట్లోకి అడుగుపెడితే చాలు, సుగుణ వెళ్లి కారు తాళాలు తన కొంగున కట్టుకుంటుంది.